ఏడు వరుసలు

కోట,
14 నవంబరు 2024.
ముసురు. గాలి సముద్రం వైపు నుంచి. పొద్దున గుంట నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ మోటార్లు రెంటికి వార్నిష్ పూసి, ఎండ లేనందున వంద వాట్ల బల్బు కింద ఆరబెట్టాను.

నరేంద్రకు,

ఫోన్ చేయకుండా రాస్తున్నాను. ఫోన్‌లో నువ్వు నవ్విస్తావు, నేను అడగాల్సింది మరిచిపోతాను. జవాబు కూడా రాసే పంపు.

పద్మనాభయ్యన్న రొయ్యల గుంట పోయింది. తొమ్మిదో తేదీ తెల్లవారేసరికి రొయ్యలన్నీ కట్ట వారకు వచ్చి పడ్డాయి. తినని మేత అడుగున కుళ్ళి నీళ్ళలో ప్రాణవాయువు లేకుండా చేసింది. మీ కంపెనీ పెట్టె ఉన్న గుంట అది. నీళ్ళలోకి దించిన మైకుతో రొయ్యలు కొరికే చప్పుడు విని, ఆకలి మీద ఉన్నాయనుకుంటే మేత వదిలే పెట్టె. ఆ చప్పుడును వడగట్టే లూపు, చిప్పులో మళ్ళీ మళ్ళీ తిరిగే ఆ కోడ్ ముక్క, నేను రాసి నీకు పంపినదే.

ఏడో తేదీ సాయంత్రం నుంచి ఎనిమిదో తేదీ సాయంత్రం దాకా ఆ పెట్టె ఎడతెగకుండా మేత వదిలింది. పద్మనాభయ్యన్న పెళ్ళికని గూడూరు వెళ్ళి, వాగు పొంగి అక్కడే చిక్కుకున్నాడు. గుంట దగ్గర అంకాలమ్మ ఒక్కతే ఉంది. నీకు గుర్తుండకపోవచ్చు. తొమ్మిదేళ్ళుగా ఆ కట్ట మీద చెక్ ట్రేలు ఎత్తి, మేత తిన్నాయా మిగిల్చాయా చూసి చెప్పే మనిషి. ఆమె మూడుసార్లు ఆయనకు ఫోన్ చేసింది.

"సామీ, తట్టలో మేత మిగిలే ఉండాది. రొయ్య తినడంల్యా."

"పెట్టె ఆకలంటా ఉంటే నువ్వేంది మిగిలిందంటావు? పెట్టె కంటే నీకు ఎక్కువ తెల్సునా? డబ్బాలో మేత అయిపోతే నింపు, పో."

నింపింది. తిరిగొచ్చాక ఆయన పదిమంది ఎదుట, తొందరగా ఇంటికి పోవాలని బస్తాలకు బస్తాలు చేత్తో కుమ్మరించావని తిట్టి ఆమెను కట్ట దింపేశాడు. ఆ మాట కోట నుంచి సముద్రం దాకా అన్ని గుంటలకూ పాకింది. ఇప్పుడు ఆమెను ఎవరూ పనికి పిలవడం లేదు.

నేను అడిగేది ఒకటే. నేను పంపాక ఆ లూపులో మీరు ఏదైనా మార్చారా?

పెంచలప్రసాద్

*

చెన్నై,
22 నవంబరు 2024.

బావకు,

నీ ఉత్తరం చూసి మా ఆవిడ భానుప్రియ ఊళ్ళో ఎవరో పోయారనుకుంది. తెరిచి చూస్తే పోయింది రొయ్యలని నవ్వింది. తప్పే, నవ్వకూడదు, కానీ ఈ కాలంలో స్టాంపు అంటించేది నువ్వొక్కడివే.

బావా, గుంటలు పోతాయి. వర్షం పడి, మబ్బు పట్టి, ఏరేటర్లు ఆగితే పెట్టె ఉన్నా పోతాయి, లేకున్నా పోతాయి. మా వాళ్ళు ఆ పెట్టెను దూరం నుంచే పరీక్షించారు. లోపం ఏమీ కనిపించలేదు. మనుషులు మేత కుమ్మరించడం కొత్త సంగతి కాదు, ప్రతి సీజన్‌లోనూ వింటున్నాం. ఆమె మంచిదే కావచ్చు. మంచివాళ్ళు కూడా వానలో తొందరపడతారు.

నీకొక సంతోషమైన మాట. మన లూపును మీటింగులో తెర మీద వేసి చూపించాను. చిప్పు తయారు చేసినవాళ్ళ కంపైలర్ ప్రోగ్రాం పదకొండు వరుసల కంటే తగ్గించలేకపోయిన పనిని ఏడు వరుసల్లో ఎలా ఇమిడ్చారని అందరూ నోళ్ళు తెరిచారు. కాలేజీ గడప తొక్కని మనిషి, మోటార్లు చుట్టుకునే కొట్లో, పాత క్యాలెండర్ల వెనక గళ్ళు గీసుకుని చేశాడని చెప్పాలనిపించింది. సందర్భం కుదరలేదు. ఫిబ్రవరిలో నన్ను ఈ పెట్టెల విభాగానికి పెద్దను చేస్తారంటున్నారు. అప్పుడు చెబుతాను.

ఆ గుంట సంగతి వదిలేయ్.

నరేంద్ర

*

కోట,
9 డిసెంబరు 2024.
తెరిపి ఇచ్చింది. ఉక్క. పొద్దున కొట్టు ముందు నిలిచిన నీళ్ళకు కాలువ తీశాను.

నరేంద్రకు,

నేను మార్చారా అని అడిగాను. నువ్వు లోపం లేదని రాశావు. రెండూ ఒకటి కావు.

పద్మనాభయ్యన్న ఆ పెట్టెను విసిరి పారేస్తే తెచ్చి బల్ల మీద పెట్టుకున్నాను. బకెట్ నీళ్ళలో మైకు దించాను. రొయ్య లేదు, మేత లేదు, వట్టి నీళ్ళు. గంటసేపు పెట్టె ఆకలి లేదనే అంది. తర్వాత నా ఫోన్ నుంచి, గుంట యజమాని ఫోన్ నొక్కి అడిగినట్టే, గుంట ఎలా ఉందని పెట్టెను అడిగాను. నలభై సార్లు అడిగితే తొమ్మిది సార్లు వట్టి నీళ్ళకు ఆకలేసింది.

ఎందుకో నీకు తెలుసు. అయినా వివరంగా రాస్తాను. ఈ కాగితం ఇంకెవరికైనా చూపాల్సి రావచ్చు.

మామూలు చిప్పు ఒక పని ముగిసిందో లేదో చూసుకుని రెండోది మొదలుపెడుతుంది. మీరు వాడే ఈ చిప్పు అలా చూసుకోదు. దీనికి ఒక్కో ఆజ్ఞ ఒక పొడవాటి వరుస. అందులో ఎనిమిది గళ్ళు, ఎనిమిది పనులు, అన్నీ ఒకేసారి జరుగుతాయి. ఏ పని ఏ వరుసలో పెట్టాలో, ఏది ఎప్పటికి చేతికొస్తుందో రాసేవాడే ముందుగా లెక్క చూసుకోవాలి. కోడ్‌ను చిప్పు ఆజ్ఞలుగా మార్చే కంపైలర్ రాసినా సరే, మనిషి రాసినా సరే. తప్పు రాస్తే చిప్పు ఆగదు, తప్పే చేసుకుంటూ పోతుంది. మోటారుకు రెండు పొరల్లో తీగ చుట్టేటప్పుడు మొదటి కాయిల్ ఒక వైపు స్లాట్‌లో, అంటే గాడిలో, కూర్చుంటుంది, రెండో వైపు పైకి ఎత్తిపెట్టి ఉంటుంది, కింద చేరాల్సింది చేరేదాకా. నా లూపూ అంతే. ఒక చుట్టు ముగియక ముందే తర్వాతి చుట్టు మొదలవుతుంది. ఏ క్షణంలో చూసినా మూడు చుట్లు ఒకదాని మీద ఒకటి నడుస్తుంటాయి.

మెమరీ నుంచి ఒక అంకె తెమ్మంటే అది చేరడానికి చిప్పు గడియారంలో నాలుగు టిక్కులు పడుతుంది. ఆ నాలుగు టిక్కులూ అంకెను పట్టి ఉంచే రిజిస్టర్‌లో పాత అంకే ఉంటుంది. ఆ పాత అంకెను ఆ సందులోనే వాడుకున్నాను. ఏడు వరుసలు అలాగే కుదిరాయి. కానీ ఆ సందులో ఫోన్ కబురు వచ్చి చిప్పు అటు తిరిగిందంటే, అది తిరిగొచ్చేలోగా కొత్త అంకె వచ్చి పాతదాని మీద కూర్చుంటుంది. ఆ తర్వాత వచ్చే మొత్తమంతా తప్పు. అందుకే లూపుకు ముందు ఇంటరప్ట్‌ను, అంటే అలాంటి బయటి పిలుపును, మూసే వరుస, వెనక తెరిచే వరుస పెట్టాను. నేను దాన్ని తలుపు అనుకుంటాను. పెట్టెలో ఉన్న కోడ్‌ను మొత్తం దించి చదివాను. తలుపు లేదు.

ఏడు, ఎనిమిది తేదీల్లో పద్మనాభయ్యన్న గూడూరులో కూర్చుని గుంట ఎలా ఉందోనని రెండువందల పన్నెండు సార్లు ఫోన్ నొక్కాడు. ఆ లెక్క పెట్టె మెమరీలో ఉంది. ఆయన భయపడి చూసినకొద్దీ మేత పడింది.

అంకాలమ్మ చెప్పింది నిజం. కంపెనీ కాగితం మీద పద్మనాభయ్యన్నకు ఆ ఒక్క మాట రాయి. నేను చెబితే నమ్మడు. మోటార్లు చుట్టేవాడికి ఇవేం తెలుసంటాడు.

పెంచలప్రసాద్

*

చెన్నై,
20 డిసెంబరు 2024.

బావకు,

ఇలాంటివి కాగితం మీద పెట్టొద్దు. ఇంతకు ముందువి కూడా ఉంచొద్దు.

తలుపు నేనే తీసేశాను. తలుపు మూసి ఉన్నంతసేపూ ఫోన్ కబురు అందుకునే రేడియో నుంచి వచ్చే అక్షరాలు జారిపోయేవి. మళ్ళీ మళ్ళీ అడగాల్సి వచ్చేది. యజమాని ఫోన్ నొక్కితే జవాబుకు ఏడెనిమిది సెకన్లు. పెట్టె చచ్చిందా బతికిందా అని రోజూ తిట్లు. నా మీద ఒత్తిడి ఎలా ఉండేదో నీ కొట్లో కూర్చుంటే తెలియదు.

ఇప్పుడు నేను అడుగుతాను. ఆ వరుసలు తీయకూడదని నువ్వు ఎక్కడ రాశావు? నీ ఫైలు మళ్ళీ తెరిచి చూశాను. లూపుకు ముందూ వెనకా కలిపి మూడువందల చిల్లర వరుసలున్నాయి. ఒక్కదాని పక్కన ఒక్క మాట లేదు. ఇది ఇందుకు, ఇది ముట్టుకోవద్దు అని ఒక్క ముక్క లేదు. ఏదో పరీక్ష కోసం పెట్టి మరిచిపోయావనుకున్నాను. నా చోట ఎవరున్నా అలాగే అనుకుంటారు. చిన్నప్పుడూ ఇంతే నువ్వు. మా నాన్న లెక్క చూపించమంటే జవాబు మాత్రం చూపించేవాడివి. ఎలా వచ్చిందిరా అంటే గోడ వైపు చూసేవాడివి.

ఇంకొకటి. కంపైలర్‌కు తలుపు తెరిచి ఉంచే రాయమంటే రాస్తుంది. పదకొండు వరుసలు ఇస్తుంది. మైకు ఒక్కటే. ఒక్క మైకుకు పదకొండు చాలవా? ఏడు ఎవరడిగారు నిన్ను?

కంపెనీ ఇలాంటి విషయాల్లో ఉత్తరాలు రాయదు.

నరేంద్ర

*

కోట,
11 జనవరి 2025.
మంచు. తొమ్మిదింటి దాకా రోడ్డు కనిపించలేదు. పొద్దున పాత తీగ కాల్చి రాగి వేరు చేశాను.

నరేంద్రకు,

నీ ప్రశ్నకు జవాబు రాయడానికి ఇరవై రోజులు పట్టింది.

పదకొండు చాలేవి. నువ్వు మొదట పంపిన కంపైలర్ లూపుతోనే పెట్టె పనిచేసేది. ఏడు కావాలని ఎవరూ అడగలేదు. ఆ పదకొండు చూసినప్పుడు గళ్ళలో సగం ఖాళీగా కనిపించాయి. చదువుకున్నవాళ్ళు కట్టిన యంత్రం వదిలేసిన ఖాళీలు అవి. నింపగలనా అని చూశాను. ఏ పని ఏ గడిలో పడుతుందో వెతకడానికి సొంతంగా ఒక ప్రోగ్రాం రాసుకున్నాను. అది తొమ్మిది దాకా తెచ్చి ఆగింది. మిగతా రెండూ చేత్తో తీశాను. నాలుగు నెలలు పట్టింది. ఏడు వచ్చిన రోజు దినచర్య పుస్తకంలో ఏడు అని ఒక అంకె వేసుకున్నాను, అంతే.

పక్కన మాటలు ఎందుకు రాయలేదంటే, తెలిసినవాడికి చెప్పక్కర్లేదు అనుకున్నాను. నిజం చెప్పాలంటే అది కూడా కాదు. చదివినవాడు ఇదెలా చేశాడని కాసేపు తల పట్టుకోవాలని ఉండింది. నువ్వు పట్టుకోలేదు. తీసి పారేశావు.

ఇక నీ సంగతి. మొన్న షావలి గుంటకు మోటారు బిగించడానికి వెళ్ళాను. ఆయన దగ్గరా మీ పెట్టె ఉంది.

"ఏంది అన్నా ఇది? పోయిన నెల దాకా టక్కుమని చెప్పేది. ఇప్పుడు ఫోన్ నొక్కి బీడీ ముట్టించుకుంటే, అది ఆరిపోయినాక చెప్తా ఉండాది."

ఎప్పటి నుంచని అడిగాను. క్రిస్మస్ ముందు ఏదో కొత్తది దానంతటదే ఎక్కిందని చెప్పాడు. అంటే తలుపు మళ్ళీ పెట్టావు. నా ఉత్తరం అందిన పది పదిహేను రోజుల్లో అన్ని పెట్టెల్లోనూ చడీచప్పుడు లేకుండా పెట్టావు. కంపెనీ ఉత్తరాలు రాయదని నువ్వు రాసిన రోజే అది అవుతూ ఉండి ఉంటుంది. రొయ్యలకు న్యాయం చేశావు. మనిషిని అలాగే వదిలేశావు.

అంకాలమ్మ ఇప్పుడు మైపాడు పోతోంది, చేపలు ఎండబెట్టే పనికి. తెల్లవారకముందే రెండు బస్సులు మారాలి. ఆ ఉప్పుకు చేతులు పగిలాయి. నా కొట్టు ముందు నుంచే నడిచి పోతుంది. నేను తల ఎత్తను.

ఒక్క కాగితం పంపు. నా తప్పు కూడా అందులో రాయి. నీది కూడా.

పెంచలప్రసాద్

*

చెన్నై,
27 జనవరి 2025.

బావకు,

అడిగావు, పంపుతున్నాను. కంపెనీ ముద్రతో పద్మనాభయ్య గారి పేరున రాసిన కాగితం ఇందులో పెట్టాను. నేరుగా ఆయనకు పంపకుండా నీకు పంపుతున్నాను. చదువుకో.

ఉద్యోగి కాని ఒక బయటి మెకానిక్ రాసిన కోడ్ భాగంలో లోపం వల్ల పెట్టె తప్పుగా మేత వదిలిందని, సంస్థ దాన్ని సరిదిద్దిందని, గుంట దగ్గర పనిచేసినవారి నిర్లక్ష్యం ఏమీ లేదని ఉంది. ఆ మెకానిక్ ఎవరో మీ ఊళ్ళో ఎంతోసేపు దాగదు. నా పేరు లేదు, ఉండదు. అది కుదరదు బావా. వచ్చే నెల ఏమిటో నీకు తెలుసు. ఇంతవరకు రాయించడానికే నేను ఎవరెవరి కాళ్ళు పట్టుకున్నానో నీకు తెలియదు.

అబద్ధం ఒక్క ముక్క లేదు. లోపం నీ కోడ్‌లో ఉంది. తలుపు అవసరమయ్యేలా రాసింది నువ్వు.

ఇస్తే ఇవ్వు. చింపితే చింపు. గుంటల వాళ్ళ మోటార్లే నీ బతుకు, ఆలోచించుకో. నీ మంచికే చెబుతున్నాను, చింపెయ్. ఆమె ఏదో పని చూసుకుంది కదా.

మీటింగులో నీ పేరు చెప్పలేదని నీకు కోపమని నాకు తెలుసు. ఇప్పుడు చెబితే ఏమవుతుందో కూడా చూస్తున్నావు.

నరేంద్ర

*

కోట,
6 ఫిబ్రవరి 2025.
ఎండ. గాలి లేదు. పొద్దున బేరింగులు కిరోసిన్‌లో కడిగాను.

నరేంద్రకు,

నిన్న ఇచ్చాను.

పద్మనాభయ్యన్న కట్ట మీదే ఉన్నాడు. కొత్త పంటకు గుంట ఎండగట్టి, అడుగు మట్టి తీయిస్తున్నారు. అప్పుడు ఆ తిట్లు విన్నవాళ్ళలో ఆరేడుగురు అక్కడే ఉన్నారు. అందుకే ఇంటికి వెళ్ళకుండా అక్కడికి వెళ్ళాను. ముందురోజే అంకాలమ్మ ఇంటికి వెళ్ళి రమ్మని పిలిచాను. ఎందుకని అడిగింది. రా అక్కా, అక్కడ చెబుతానన్నాను. వచ్చింది. కూలి పోగొట్టుకుని వచ్చింది.

ఆయన కాగితం చదివాడు. మళ్ళీ చదివాడు.

"ఎవురురా ఈ బయటి మెకానిక్కు?"

"నేనే అన్నా."

"నువ్వా? మోటార్లు చుట్టేవాడివి, నీకు పెట్టెతో ఏం పని?"

చెప్పాను. నాకు చేతనైనంత తేలికగా చెప్పాను. ఆయన ఫోన్ నొక్కినప్పుడల్లా పెట్టె లెక్క చెడింది, ఆకలి లేకున్నా ఆకలనుకుని మేత వదిలిందని.

"అంటే నా గుంటను నేనే చంపుకున్నానంటావు. నా వేలితో."

"ఔనన్నా. నేను రాసిన దాని వల్ల."

మట్టి తీసేవాళ్ళలో ఎవరో నవ్వారు. ఆయన ముఖం ఎర్రబడింది. నా చొక్కా పట్టుకుంటాడనుకున్నాను. పట్టుకోలేదు. అక్కడ విప్పి ఉన్న నాలుగు ఏరేటర్ మోటార్లనూ చూపించి, వాటిని నాయుడుపేటకు తోలండి, ఇకమీదట ఈయన కొట్టుకు ఒక్కటి కూడా పోకూడదని పనివాళ్ళకు చెప్పాడు. షావలికి కూడా చెబుతానన్నాడు. చెప్పి ఉంటాడు.

నీ పేరు చెప్పలేదు. నీ మీద ప్రేమ అనుకోవద్దు. ఇద్దరి తప్పు అంటే అక్కడ ఎవరికీ అర్థం కాదు. ఇద్దరూ ఒకరి మీద ఒకరు తోసుకుంటున్నారు, ఆ మధ్యలో బస్తాలు కుమ్మరించింది మాత్రం ఈమేనేమో అంటారు. ఒక్కడిదే అయితే అర్థమవుతుంది. అందుకని నీ తప్పు కూడా నా మీదే ఉంచుకున్నాను. నువ్వు ఎలాగూ అదే కోరావు.

తర్వాత ఆయన అంకాలమ్మ వైపు తిరగకుండా, గుంటలోకి చూస్తూ అన్నాడు.

"సరే మే. నీ తప్పు ల్యాదంట. రేపట్నించి రా."

ఆమె కదల్లేదు.

"రాను సామీ."

"ఏమే, కాగితం వచ్చింది గదా?"

"కాగితం వచ్చిందని రమ్మంటివి. ఆ పొద్దు పెట్టె చెప్పిందని నింపమంటివి. నేను మూడు మార్లు చెప్తిని గదా, తట్టలో మిగిలే ఉండాదని. నా మాటకు రమ్మంటే వచ్చేదాన్ని. రేపు ఇంకో కాగితం వస్తే మళ్లా కట్ట దిగమంటావు."

మట్టి తీసేవాళ్ళు తట్టలు ఎత్తుకున్నారు.

తిరిగి వచ్చేటప్పుడు ఆమె, నేను ఒకే దారిలో నడిచాం. ఏమైనా అంటుందని, అంటే బాగుంటుందని ఎదురు చూశాను. కాలువ దగ్గర నిలబడింది.

"అబ్బయ్యా, ఇది నీకు ఎప్పుడు తెలిసింది?"

"డిసెంబరులో."

"ఇది ఏ నెల?"

"ఫిబ్రవరి."

"కొట్టు ముందర నుంచే గదా నేను పోతా ఉండేది. దినామ్మూ."

కాగితం కోసం ఆగానని చెప్పాలనుకున్నాను. నా మాట నమ్మరని, కంపెనీ ముద్ర ఉంటేనే నమ్ముతారని. నోటిదాకా వచ్చింది. కట్ట మీద ఆమె ఆయనతో అన్నదే నాకూ జవాబు. ఆమె చీర చెంగు తల మీదకు లాక్కుని బస్సు దారి పట్టింది. ఇంటికి కాదు, మైపాడు వైపే. సగం పూటైనా దొరుకుతుందేమోనని.

నరేంద్రా, లూపు ఫైలు నీ దగ్గరే ఉండనీ. ఏడు వద్దు. కంపైలర్ ఇచ్చిన పదకొండు పెట్టు, తలుపు అక్కర్లేదు, ఫోన్ ఎప్పుడు నొక్కినా ఏమీ కాదు. ఆ ఏడింటినీ ఇక ఎవరికీ చూపించకు. నువ్వు ఆ విభాగానికి పెద్దవయ్యాక కూడా.

నాకు రాయొద్దు. రాసినా జవాబు ఉండదు.

ఇవాళ్టి మిగతా పని ఇంకా దినచర్యలోకి ఎక్కలేదు. ఇక్కడే రాసి లేస్తాను. మధ్యాహ్నం బల్ల మీద ఉన్న ఒక్క మోటారు విప్పి, కాలిన కాయిల్ తీసి, స్లాట్లు గీకి, కరెంటు పారకుండా కొత్త కాగితం పెట్టి, మొదటి కాయిల్ ఒక వైపు కూర్చోబెట్టాను. రెండో వైపు ఇంకా పైకి ఎత్తే ఉంది.